ఇంజిను మారిన బండి, పాత మీటరు



నేటి ప్రసంగమునకు విషయము చిన్నది. మోటారుబండిలో డ్రైవరు కెదురుగా నున్న పలకపై ఒక గుండ్రని మీటరు, దానిలో ఒక సన్నని ముల్లు ఉండును. ఇంజినులోని నీరు ఎంత వేడెక్కినదో ఆ ముల్లు చెప్పును. బండికి పాత ఇంజిను తీసివేసి వేరొక ఇంజిను బిగించినపుడు తరచుగా మొదట మూగవోవునది ఈ ముల్లే. దానిని మరల పలికించుట యెట్లు, పలికిన పిమ్మట అది నిజమే చెప్పుచున్నదని తెలిసికొనుట యెట్లు అను రెండు సంగతులను మీకు మనవి చేయదలచితిని.

"ఇది మిస్త్రీల పని గదా, మాకేల?" అని మీలో కొందరనుకొనవచ్చును. పానా పట్టువాడు మిస్త్రీయే. కాని ఇంజినుకు డబ్బు లెక్కపెట్టి యిచ్చువారు మీరు. నడిరేయి పురిటి నొప్పులు పడుచున్న కోడలిని ఆసుపత్రికి చేర్చుటకు బండి కట్టుమని చెప్పువారు మీరు. కంది బస్తాలు తాండూరు మార్కెట్టునకు పంపువారును మీరే. కావున మిస్త్రీని ఏమి అడుగవలెనో, అతడు చెప్పిన సమాధానము సరియైనదో కాదో తెలిసికొనగలిగినంత జ్ఞానము ఇంటి పెద్దకు అవసరము. అంతకంటె ఎక్కువ నేనును చెప్పబోను.

మన ప్రాంతమునకు ఈ విద్య క్రొత్తది కాదు. వాడి నుండి తాండూరు, వికారాబాదుల మీదుగా సికింద్రాబాదునకు నిజాము రైలుమార్గము 1874వ సంవత్సరములో తెరువబడెను. ఆ మార్గమున నడచిన ఆవిరి ఇంజినులలో డ్రైవరు కెదురుగా బాయిలరునకు నిలువున ఒక గాజుగొట్టము ఉండెడిది. బాయిలరులో నీటిమట్టము ఎంత యున్నదో ఆ గాజులో కనబడును. నీరు తగ్గి నిప్పుగది పైకప్పు బయటపడినచో ఇనుము మెత్తబడి బాయిలరు ప్రేలును. అందుచేత డ్రైవరు చూపు మాటిమాటికి ఆ గాజుమీదికి పోయెడిది. అతడు గాజును చూచుటతో తృప్తి పడక, దాని క్రింది మీది కుళాయిలను త్రిప్పి నీటిని బయటికి ఊదించి, మరల నీరు లేచి వచ్చుచున్నదా యని పరీక్షించెడివాడు. గొట్టము మూసికొనిపోయినచో గాజులో పాత నీరే నిలిచి, అంతయు క్షేమమే యని అబద్ధమాడును. కొలత చెప్పు సాధనమును సైతము అప్పుడప్పుడు ప్రశ్నింపవలె నను నీతి ఆ రైలు డ్రైవరులకు తెలియును. నేడు నేను చెప్పునదంతయు ఆ నీతికి వ్యాఖ్యానము మాత్రమే.

ఇక మోటారు ఇంజిను సంగతి. లోపల మండు నూనెలోని శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పును. మిగిలిన వేడిలో కొంత పొగగొట్టము ద్వారా పోగా, కొంత ఇంజిను గోడల చుట్టు తిరుగు నీటిలో చేరును. ఆ నీటిని పంపు రేడియేటరులోనికి త్రోసి, గాలిచే చల్లార్చి, మరల ఇంజినులోనికి పంపును. నడుమ థర్మోస్టాటు అను చిన్న తలుపు ఒకటి ఉండును. నీరు సుమారు 80 డిగ్రీల వేడికి వచ్చువరకు అది మూసియుండి, తరువాత తెరచుకొనును. కనుక ఆరోగ్యముగా నున్న ఇంజిను నీరు 80 నుండి 95 డిగ్రీల నడుమ ఉండుట సహజము. అంతకు మించిపోయినపుడు సిలిండరు మూత వంకరపోవును, మూత క్రింది గాస్కెట్టు కాలును, నీరును నూనెయు కలియును. ఇంకను లెక్కచేయక నడిపినచో పిస్టను సిలిండరులో పట్టుకొనిపోవును. ఇంతటి నష్టమునకు ముందు హెచ్చరిక యిచ్చునది ఆ ముల్లు ఒక్కటే.

మోటారుబండ్లు వచ్చిన తొలినాళ్లలో పలకపై ఈ మీటరు లేదు. 1912 ప్రాంతమున అమెరికాలో బాయిస్ అను నతడు రేడియేటరు మూతమీదనే ఒక ఉష్ణమాపకమును నిలువున బిగించెను. డ్రైవరు తన పీటమీది నుండి ముందునకు చూచినచో దానిలోని ఎఱ్ఱని గీత కనబడెడిది. దాని బుడ్డి నీటిలో మునుగక, నీటిపైనున్న ఆవిరి వేడిని మాత్రమే కొలిచెడిది. ఏ కొలతబుడ్డి యైనను తాను కూర్చున్న చోటి సంగతినే చెప్పును గాని ఇంజిను సంగతి యంతయు చెప్పలేదు. ఈ మాట మరువకుడు. మరల దీనితో మనకు పని యున్నది.

తరువాత మీటరు పలకమీదికి వచ్చెను. అందు రెండు జాతులు కలవు. మొదటి జాతిలో విద్యుత్తు లేదు. ఇంజిను నీటిలో మునిగియున్న చిన్న లోహపు బుడ్డిలో త్వరగా ఆవిరియగు ఈథరు వంటి ద్రవము ఉండును. బుడ్డి వేడెక్కినపుడు ఆవిరి ఒత్తిడి పెరిగి, వెండ్రుక వలె సన్నని రాగి గొట్టము గుండ ప్రయాణించి, మీటరులోని వంపు గొట్టమును విప్పును. ఆ వంపు గొట్టము విప్పుకొనుచు ముల్లును త్రిప్పును. ఫ్రాన్సు దేశీయుడగు బూర్డన్ 1849లో కనిపెట్టిన ఒత్తిడి మీటరు సూత్రమే యిది. రెండవ ప్రపంచయుద్ధ కాలపు జీపులలో ఉన్నది ఈ జాతి మీటరే. బుడ్డి, సన్నగొట్టము, మీటరు మూడును ఒకే ప్రాణి; విడదీసినచో చచ్చును.

రెండవ జాతి విద్యుత్తు మీటరు. ఇందు ఇంజినుకు సెన్సరు అను ఇత్తడి ముక్క మరలచే బిగింపబడియుండును. దాని లోపలి పదార్థమునకు ఒక విచిత్ర గుణము కలదు. రాగి మొదలగు లోహములు వేడెక్కిన కొలది విద్యుత్తు నెక్కువగా అడ్డగించును. ఈ పదార్థము వేడెక్కిన కొలది అడ్డగింపు తగ్గించును. 1833లో మైకేల్ ఫారడే వెండి గంధకమునందు ఈ గుణమును గుర్తించెను. నీరు వేడెక్కిన కొలది సెన్సరు నిరోధము తగ్గి, మీటరు గుండ ప్రవాహము పెరిగి, ముల్లు లేచును. ఉదాహరణమునకు, ఎక్కువగా వాడుకలో నున్న ఒక జాతి జర్మను సెన్సరులో 40 డిగ్రీల వద్ద నిరోధము సుమారు 290 ఓములు. 120 డిగ్రీల వద్ద సుమారు 22 ఓములు మాత్రమే. వేరొక కంపెనీ సెన్సరునకు ఈ అంకెలు పూర్తిగా వేరు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

మీటరును సెన్సరును ఒకే పాఠశాలలో ఒకే లిపి నేర్చిన జంట వంటివి. ఒకటి వ్రాసిన ఉత్తరమును రెండవది చదువగలదు. ఇంజిను మార్చునపుడు పాత సెన్సరు పాత ఇంజినుతో కూడ తుక్కు అంగడికి పోవును. క్రొత్త ఇంజినుతో దాని సెన్సరు వచ్చును. ఇప్పుడు ఉత్తరము వ్రాయునది ఒక లిపిలో, చదువునది వేరొక లిపిలో. ముల్లు కదలును, కాని కదలిన ముల్లు నిజము చెప్పినట్లు కాదు.

పెట్రోలు జీపులకు డీజిలు ఇంజినులు బిగించుట మన దేశమంతటను చాలకాలము సాగిన పని. డీజిలు చౌకగా నుండుట, ఎత్తు ఎక్కునపుడు లాగుడు బలము ఎక్కువగా నుండుట అందుకు కారణములు. విల్లీసు వంశపు జీపులోని నాలుగు సిలిండర్ల హరికేన్ పెట్రోలు ఇంజిను అరిగిపోయిన పిమ్మట, దాని స్థానమున పెషో సంతతి డీజిలు ఇంజినును గాని మరియొక దానిని గాని బిగించిన బండ్లు మన ప్రాంతమున చాల తిరిగినవి. అట్టి బండి యొకటి నాకు బాగుగా తెలియును. తాండూరునకు కొంత దూరముననున్న ఒక పల్లె పటేలుగారిది ఆ జీపు. ఊరివారందరికి అవసరమునకు అదియే దిక్కు.

ఇంజిను మార్చిన మిస్త్రీ పనివాడే. గేరుపెట్టె కలిపినాడు, పీఠములు వెల్డింగు చేసినాడు, రేడియేటరు సరిపరచినాడు. చివర మీటరు తీగెను క్రొత్త ఇంజిను మీది సెన్సరునకే తగిలించి, ఇంజిను వేడెక్కిన పిమ్మట ముల్లు సరిగా నడుమకు వచ్చి నిలుచుట చూపి బండి అప్పగించెను. ముల్లు నడుమ నిలిచినది గదా యని పటేలుగారును సంతోషించిరి. ఒక వేసవి మధ్యాహ్నమున తొమ్మిదిమందితో వికారాబాదు వచ్చి, అనంతగిరి పద్మనాభస్వామి దర్శనమునకు ఘాటు ఎక్కుచుండగా, బానెట్టు సందులనుండి ఆవిరి చిమ్మెను. ముల్లు అప్పటికిని నడుమకు కొంచెము పైగానే యుండెను. దైవవశమున వారు బండిని నిలిపి చల్లారనిచ్చిరి. నష్టము గాస్కెట్టుతో పోయినది. లోయప్రక్కన ఇంజిను పట్టుకొనియుండినచో ఏమయ్యెడిదో చెప్పనక్కరలేదు.

బండిని లాగించి తెచ్చిన తరువాత వేరొక ఉస్తాదు చూచినపుడు నేనును అక్కడ నుంటిని.

"ఉస్తాదు, ముల్లు నడుమనే యుండెను గదా, ఆవిరి యెట్లు వచ్చినది?" అని పటేలుగారు అడిగిరి.

"పటేల్ సాబ్, మీటరు ఒక ఇంటిది, సెన్సరు ఒక ఇంటిది. ఇది చెప్పినది దానికి అర్థము కాలేదు. ముల్లు లేకున్న మీరు భయపడుచు నడిపెడివారు. ముల్లు చూచి ధైర్యముగా నడిపినారు" అని ఆతడు బదులు చెప్పెను.

ఈ ప్రసంగమునకు సారమంతయు ఆ ఉస్తాదు మాటలో నున్నది. చెడిపోయిన మీటరు కంటె అబద్ధమాడు మీటరు అపాయకరము. ముల్లు కదలుట పని పూర్తియైనదనుటకు గుర్తు కాదు. తెలిసిన వేడికి తెలిసిన చోట ముల్లు నిలిచిననాడే పని పూర్తియైనది.

అయినచో పాత మీటరును పారవేసి క్రొత్తది పెట్టుకొనరాదా యని అడుగుదురేమో. పెట్టుకొనవచ్చును, దాని సెన్సరుతో కూడ కొన్నచో అది సులభమార్గమే. కాని పాత పలకలో పాత మీటరు ఉన్నచో డ్రైవరు కన్ను అలవాటుగా అక్కడికే పోవును. పలక క్రింద వ్రేలాడు క్రొత్త మీటరును మోకాలు తన్నును, కన్ను మరచును. పాతదానిని అలంకారముగా మాత్రము ఉంచుట అన్నిటికంటె చెడ్డపని. రేపు దానిని నమ్మి నడుపు క్రొత్త డ్రైవరు ఒకడు వచ్చును. బ్రతికించుము, లేదా తీసివేయుము.

బ్రతికించుటకు మొదటి మెట్టు మీటరు బ్రతికియున్నదో లేదో చూచుట. విద్యుత్తు మీటరునకు సెన్సరు నుండి తీగెను ఊడదీసి తాళము త్రిప్పినచో ముల్లు చల్లని వైపున నిలువవలెను. ఆ తీగె కొసను ఇంజిను ఇనుమునకు ఒక్క క్షణము తాకించినచో ముల్లు వేడి వైపునకు లేవవలెను. లేచినచో మీటరు, తీగె రెండును మంచివే. దోషము సెన్సరులో నున్నది. ఎక్కువసేపు తాకించి యుంచరాదు, మీటరునకు హాని. ముల్లు లేవనిచో ముందు తీగెను, తరువాత మీటరును చూడవలెను.

రెండవ మెట్టు కరెంటు. పాత జీపులు కొన్ని 6 ఓల్టుల బ్యాటరీతో వచ్చినవి. డీజిలు ఇంజినుతో 12 ఓల్టుల బ్యాటరీ వచ్చును. 6 ఓల్టుల మీటరునకు నేరుగా 12 ఓల్టులు ఇచ్చినచో లోపలి తీగెచుట్ట కాలిపోవును. నడుమ ఓల్టేజి తగ్గించు సాధనము ఉండవలెను. పాత బ్రిటిషు బండ్లలో పెక్కింట మీటర్ల వెనుక ఓల్టేజిని ఒకే తీరున నిలుపు చిన్న పెట్టె యుండును. నూనె మీటరును వేడి మీటరును రెండును ఒకేసారి ఎక్కువగా గాని, ఒకేసారి తక్కువగా గాని చూపుచున్నచో, నేరము ఆ పెట్టెది, ఇంజినుది కాదు.

మూడవ మెట్టు ఎర్తు. ఒక్క తీగె సెన్సరునకు రెండవ తీగె ఇంజిను ఇనుమే. ఇంజిను రబ్బరు దిమ్మెలమీద కూర్చుండును. దానిని చాసిస్‌తో కలుపు లావు ఎర్తు తీగె ఇంజిను మార్చునపుడు తరచుగా మరచిపోవుదురు. అప్పుడు ముల్లు తడబడును, దీపములు వెలిగించినపుడు చలించును. ఇంతేకాక, నీరు కారకుండుటకై సెన్సరు మరకు తెల్లని టేపు దట్టముగా చుట్టినచో ఇత్తడికి ఇనుముకు తాకిడి తప్పును. పటేలుగారి జీపులో ముల్లు కొన్నాళ్లు మూగవోవుటకు చివరకు తేలిన కారణము ఈ టేపే. రబ్బరు గొట్టము నడుమ ఒక లోహపు తునక చేర్చి దానిలో సెన్సరు బిగించినచో దానికి వేరుగా ఎర్తు తీగె ఇవ్వనిదే పని చేయదు.

నాలుగవ మెట్టు చోటు. బాయిస్ ఉష్ణమాపకము గూర్చి చెప్పిన మాట ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనుడు. సెన్సరు ఎక్కడ కూర్చున్నదో అక్కడి వేడినే చెప్పును. సిలిండరు మూతలో గాని, థర్మోస్టాటునకు ముందు ఇంజిను వైపున గాని, కదలుచున్న నీటిలో దాని కొన మునుగవలెను. రేడియేటరు క్రింది గొట్టములో పెట్టినచో చల్లారిన నీటి సంగతి చెప్పును. నీరు కారిపోయి సెన్సరు గాలిలో మిగిలినచో వేడి పెరుగుచుండగా ముల్లు దిగుట కూడ కలదు. కావున ఎత్తు ఎక్కుచుండగా ముల్లు హఠాత్తుగా దిగినచో సంతోషింపక బండి ఆపి చూడవలెను.

పాత ఇంజిను సెన్సరు మర ఒక కొలతది, క్రొత్త ఇంజిను రంధ్రము వేరొక కొలతది. ఒకదానిది అంగుళముల లెక్క, వేరొకదానిది మిల్లీమీటర్ల లెక్క. ఒకటి కొనకు సన్నబడునది, వేరొకటి తిన్ననిది. బలవంతముగా త్రిప్పినచో మూత పగులును. లేతు యంత్రము కలవానిచే లోపల ఒక మర, వెలుపల ఒక మర గల ఇత్తడి బుష్ చేయించుట ఉచితమైన మార్గము. బుష్ పొడవైనచో సెన్సరు కొన నీటికి అందక వెనుకకు ఉండిపోవును. దానిని పొట్టిగా చేయింపవలెను. క్రొత్త ఇంజినులో కంప్యూటరు ఉన్నచో దాని సెన్సరు తీగెను మీటరునకు పంచరాదు. మీటరు తీసికొను ప్రవాహము వలన కంప్యూటరు లెక్క తప్పి, నూనె మోతాదు తప్పును. వేరొక రంధ్రములో వేరొక సెన్సరు పెట్టవలెను.

సన్నగొట్టపు జాతి మీటరునకు ఈ విద్యుత్తు చిక్కులేవియు లేవు. ఏ ఇంజినునకైనను, ఏ బ్యాటరీకైనను అది ఒకటే లెక్క చెప్పును. బుడ్డి పట్టు రంధ్రము, తగిన బుష్, గొట్టపు పొడవు ఈ మూడే చూడవలెను. గొట్టమును మడతపెట్టరాదు, కోయరాదు, పొగగొట్టమునకు తగులనీయరాదు. మిగిలిన పొడవును గుండ్రని చుట్టగా చుట్టి కట్టవలెను. విరిగినచో ఊరిలోని వెల్డింగు దుకాణమునకు తీసికొనిపోకుడు. లోపలి ఈథరు అంటుకొను పదార్థము. అది ఆ పని తెలిసినవాని చేతికే ఈయవలెను.

ఇక అసలు పరీక్షకు వచ్చుచున్నాను. సెన్సరును ఇంజిను నుండి తీసి, దాని శరీరమునకు ఒక తీగె కట్టి ఎర్తునకు చేర్చి, పై తీగెను మీటరు తీగెతో కలుపవలెను. ఒక గిన్నెలో నీరు పోసి, ఉష్ణమాపకమును సెన్సరు ప్రక్కనే వ్రేలాడదీసి, రెండును గిన్నె అడుగునకు తగులకుండ చూచి, నెమ్మదిగా కాచవలెను. 60 డిగ్రీల వద్ద ముల్లు ఎక్కడ నున్నది, 80 వద్ద ఎక్కడ, మరుగునపుడు ఎక్కడ అని కాగితముపై బొమ్మ గీసి వ్రాసికొనవలెను. పటేలుగారి జీపు సెన్సరును ఇట్లు కాచినపుడు నీరు తళతళ మరుగుచుండగా ముల్లు నడుమనే నిలిచినది. పదిమంది కూడి చూచిరి. అప్పుడు ఘాటుమీది సంగతి అందరికి బోధపడినది.

ఇక్కడ ఒక స్థానిక విషయము. పాఠ్యపుస్తకములో నీరు 100 డిగ్రీల వద్ద మరుగునని యుండును. అది సముద్రమట్టము వద్ద మాట. ఎత్తునకు పోయిన కొలది గాలి ఒత్తిడి తగ్గి, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరుగు వేడి తగ్గును. మూసీ నది పుట్టిన అనంతగిరి కొండల ప్రక్కన, సుమారు 640 మీటర్ల ఎత్తున నున్న వికారాబాదులో నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగును. దానికంటె పల్లమున, కాగ్నా నది ప్రక్కన నున్న తాండూరులో మరి అర డిగ్రీ ఎక్కువ. ఉష్ణమాపకము లేనివారు మరుగు నీటినే గురుతుగా పెట్టుకొనినచో ఈ లెక్క జ్ఞప్తియందుంచుకొనవలెను. ఫారన్‌హీటు అంకెలు గల పాత మీటరైనచో ఆ 98 డిగ్రీలకు సమానము 208. థర్మోస్టాటు తెరచుకొను 82 డిగ్రీలకు సమానము 180.

పరీక్షలో ముల్లు తప్పు చూపినచో మందు రెండు విధములు. ఉత్తమమైనది ఆ మీటరు జాతికి చెందిన సెన్సరునే వెదకి తెచ్చి, బుష్‌తో బిగించుట. పటేలుగారి బండికి చేసినది ఇదియే. రెండవది, దొరకనపుడు, నిరోధము చేర్చి లెక్క సరిపరచుట. ముందుగా మీటరునకు సెన్సరు బదులు త్రిప్పుడు నిరోధమును తగిలించి, ముల్లు ఎఱ్ఱగీత వద్దకు ఎన్ని ఓములకు వచ్చునో తెలిసికొనవలెను. 40 ఓములకు వచ్చిన దనుకొందము. సెన్సరు ఆ వేడివద్ద 60 ఓములు చూపుచున్నది. అప్పుడు సెన్సరునకు ప్రక్క ప్రక్కగా 120 ఓముల నిరోధమును కలిపినచో రెండును కలిసి సరిగా 40 ఓములగును. అట్లుకాక సెన్సరు 25 ఓములే చూపుచున్నచో, వరుసలో 15 ఓములు చేర్చినచో 40 అగును.

అయితే ఈ రెండవ మందు ఒక్కచోటనే సరిపోవును. మొదటి ఉదాహరణములో చల్లని సెన్సరు 290 ఓములు చూపుచున్నను, ప్రక్కనున్న 120తో కలిసి మీటరునకు 85 ఓములుగా కనబడును. చల్లని ఇంజినును గోరువెచ్చగా చూపును. అది సహింపదగిన తప్పు. అపాయపు గీత వద్ద మాత్రము తప్పు ఉండరాదు. అందుచేత ముల్లును నడుమ నిలుపుటకు కాదు, ఎఱ్ఱగీత వద్ద నిజము పలికించుటకు ఈ లెక్క కట్టవలెను. కొలత తెలియక ఏదో ఒక నిరోధము తగిలించి ముల్లును నడుమకు తెచ్చుట, బియ్యము తక్కువైన తక్కెడకు రాయి కట్టుట వంటిది. కొన్ని పాత మీటర్ల సెన్సరులు మాత్రము లోపలి రేకు వేడెక్కుచు కరెంటును తెంచుచు కలుపుచు పనిచేయును. వానికి ఈ ఓముల లెక్క పనికిరాదు. వాని జంటనే తేవలెను.

ఎఱ్ఱగీత ఎక్కడ వేయవలెను? అది రేడియేటరు మూతను బట్టి యుండును. మూతపై 0.9 అని యున్నచో లోపలి ఒత్తిడి వలన నీరు సుమారు 117 డిగ్రీల వరకు మరుగదు. అట్లని అంతవరకు పోనీయరాదు. 100 దాటి పైకి పోవుచున్నదన్నపుడే గేరు తగ్గించి, సాగకున్న ప్రక్కకు తీసి నిలుపవలెను. వేడిగా నున్నపుడు మూత త్రిప్పరాదు. ఒత్తిడి పోయిన తక్షణమే లోపలి నీరంతయు ఒక్కసారిగా మరిగి ముఖముపైకి చిమ్మును. మీటరుతోపాటు వేడి హద్దు దాటినపుడు మ్రోగు చిన్న బజరు ఒకటి పెట్టించుట మంచిది. డ్రైవరు కన్ను దారిపై నున్నపుడు చెవి పనిచేయును.

మీటరు బాగైన తరువాత అది చెప్పు కఠిన సత్యములను వినుటకు సిద్ధపడవలెను. పటేలుగారి బండిలో ముల్లు నిజము చెప్పనారంభించగానే మరియొక సంగతి బయటపడినది. చదునుబాటలో అది మంచి చోటనే నిలుచును. తొమ్మిదిమందితో ఎత్తు ఎక్కునపుడు గీత వద్దకు వచ్చును. పాత రేడియేటరు క్రొత్త ఇంజినునకు చాలుట లేదు; పంకా దానికి దూరముగా నున్నది, చుట్టు గాలిని కూడబెట్టు రేకు లేదు. ఆ రేకు కట్టించి, రేడియేటరు లోపల శుభ్రపరచి, ఎక్కువారి సంఖ్యను తగ్గించిరి. మీటరు జబ్బును కుదుర్చలేదు; జబ్బున్నదని చెప్పినది. ముల్లు పైకి పోవుచున్నదని మీటరును తిట్టువాడు, నాడి చూచి జ్వరమున్నదని చెప్పిన వైద్యుని తిట్టువాని వంటివాడు.

చట్టము మాట ఒకటి. ఇంజిను నెంబరు బండి రిజిస్ట్రేషను పత్రములో వ్రాయబడియుండును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి, వేరొక జాతి ఇంజినును బిగింపదలచినపుడు రవాణా అధికారి అనుమతి పొంది, ఆ మార్పును పత్రములో ఎక్కింపించుకొనవలెను. ఎక్కింపనిచో ప్రమాదము జరిగిననాడు బీమా కంపెనీ మీ మాట వినదు. ఇంజిను కొన్నవారి రసీదును జాగ్రత్తగా దాచుడు.

అయ్యలారా, మీరు మిస్త్రీని అడుగవలసిన ప్రశ్నలు ఐదే. పాత సెన్సరు ఏమైనది, నాకు తెచ్చి యిమ్ము. ఇప్పుడున్న సెన్సరు ఈ మీటరు జంటయేనా? అది నీటిలో ఏ చోట మునిగియున్నది? ఇంజినుకు ఎర్తు తీగె ఎక్కడ? మరుగు నీటిలో పెట్టి ముల్లు ఎక్కడికి వచ్చునో నా కన్నులయెదుట చూపుము. ఈ చివరి ప్రశ్నకు అరగంట కాలము, ఒక గిన్నెడు నీరు, కొన్ని కట్టెలు చాలును. మంచి మిస్త్రీ దీనికి కోపగించుకొనడు. తన పనికి సాక్ష్యము దొరకినదని సంతోషించును. ఆ పరీక్ష చూచిననాడే బండి తాళము చేత పుచ్చుకొనుడని మనవి చేసి విరమించుచున్నాను.